అంచున వ్రాసిన మాట



ఈ సాయంకాలం మీతో ముచ్చటించదలచుకొన్న విషయం చిన్నది. మనం వ్రాసే వ్రాతవల్ల మనకే మరికొంత ఆనందం, మరికొంత ఫలం ఎట్లా కలుగుతుంది అన్నదే ఆ విషయం. వ్రాత అనగానే మహాకావ్యాలు వ్రాసినవారినీ, నాటకాలు ఆడించినవారినీ తలచుకొని, ఇది మనకు సంబంధించిన సంగతి కాదని ఎవరూ దూరంగా జరగవద్దు. అక్కకు ఉత్తరం వ్రాసే తమ్ముడు, నిద్రపోబోయే ముందు దినచర్య పుస్తకంలో నాలుగు ముక్కలు వ్రాసుకొనే ఉపాధ్యాయుడు, ఇంటి పద్దు వ్రాస్తూ వ్రాస్తూ ప్రక్కనే మనసులోని మాట ఒకటి వ్రాసిపెట్టుకొనే ఇల్లాలు, పత్రికకు కథ పంపి తపాలా జవానుకోసం వీధి అరుగుమీద కనిపెట్టుకొని కూర్చున్న యువకుడు, వీరందరూ వ్రాసేవారే. వీరందరితోనూ మాట్లాడుతున్నాను.

ఆ యువకునితోనే మొదలుపెడతాను. కొంతకాలం క్రిందట ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితాల కట్ట ఉన్నది. అవి తిరిగి వచ్చిన కథలు. చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరకు లేవబోతూ, "నాలుగేళ్ళనుంచి వ్రాస్తున్నానండీ. వ్రాసి ఏమి లాభం?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో కోపం లేదు. అలసట ఉన్నది. నాకు తోచిన ఓదార్పు మాటలు చెప్పి పంపించాను. కాని ఓదార్పు వేరు, సమాధానం వేరు. అతడు వెళ్ళిపోయిన తరువాత ఆ ప్రశ్న మా ఇంట్లోనే ఉండిపోయింది. నేటి ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు సమాధానం.

వ్రాసి ఏమి లాభం? ఈ ప్రశ్న మన పూర్వులు వేసికొన్నదే. 11వ శతాబ్దంలో కాశ్మీర దేశాన వెలసిన మమ్మటాచార్యుడు తన కావ్యప్రకాశంలో కావ్యానికి ఆరు ప్రయోజనాలున్నవని చెప్పాడు. ఆరింటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. మొదటి రెండూ అందరికీ తెలిసినవే: కీర్తి, ధనం. తక్కిన వాటిలో ఒక్కదానిని మాత్రం మీరు మనసులో ఉంచుకోవాలని నా కోరిక. అది అప్పటికప్పుడు, మరొకనాటికి వాయిదా పడకుండా, మరొకరి చేతిమీదుగా రానక్కరలేకుండా కలిగే పరమానందం. ప్రయోజనాలన్నిటికీ తలమానికం అదేనని ఆ ఆచార్యుడే అన్నాడు. ఆ ఆనందం రసికుడైన చదువరికి కలిగేదని వ్యాఖ్యాతలు చెపుతారు. నిజమే. అయితే, శ్రోతలారా, ఏ వ్రాతకైనా మొట్టమొదటి చదువరి ఎవరు? వ్రాసినవాడే గదా. సిరా ఆరకముందే ఆ వాక్యాన్ని చదివేది అతడే. కనుక ఆ ఆనందంలో మొదటి ముద్ద అతనిదే కావాలి. మనలో చాలామంది ఆ ముద్ద నోటికి అందకముందే విస్తరిముందునుండి లేచిపోతున్నాము. కీర్తి వస్తుందా, ధనం వస్తుందా అని వీధివైపు చూస్తూ, ఎదుట ఉన్నదానిని రుచి చూడడమే మరచిపోతున్నాము.

కీర్తినీ ధనాన్నీ నేను తీసిపారవేయడం లేదు. పని చేసినవాడు కూలి అడగడం ధర్మం. వ్రాసినవాడు ప్రతిఫలం అడగడమూ ధర్మమే. కాని అవి బయటినుండి రావలసినవి. వాననుకూడ రైతు కోరుకొంటాడు. కోరుకొని ఆకాశంవైపు చూస్తాడు. అయినా, ఏరువాకనాడు అతని కాళ్ళకు తగిలే తడిమట్టి చల్లదనం, నాగలి చాలు తిన్నగా సాగినప్పుడు అతని ఒంటిలో కలిగే హాయి, ఏ మేఘం దయవల్లనూ వచ్చేవి కావు. అవి దుక్కిలోనే ఉన్నవి. వ్రాతకు కూడ అట్టి దుక్కి ఉన్నది. ఆ దుక్కిలో దొరికే ఫలాలు మూడింటిని గురించి చెపుతాను. మొదటిది చూపు. రెండవది తోడు. మూడవది దిద్దుబాటు. మళ్ళీ చెపుతాను: చూపు, తోడు, దిద్దుబాటు.

మొదట చూపు.

నాకు అక్షరాలు నేర్పినది బడిలో అయ్యవారు. వ్రాతలోని రుచి నేర్పినది మా అమ్మ. ఆమెకు చదువు రాదు. మా అక్క అత్తవారి ఊరు మాకు చాలా దూరం. నడుమ గోదావరి దాటాలి, రైలు ఎక్కాలి, దిగి మళ్ళీ బండి కట్టించుకోవాలి. కనుక ఉత్తరాలే ఆధారం. నెలకొకసారి అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చెప్పేది; నేను కార్డుమీద వ్రాసేవాణ్ణి. అప్పటికి నాకు పదేళ్ళు ఉంటాయేమో. ఉత్తరం వ్రాసే పద్ధతి నాకు కంఠస్థం. చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని మొదలు. ఉభయకుశలోపరి అని ఆ తరువాత. ఇచ్చట మేమందరమూ క్షేమం, అచ్చట మీ యోగక్షేమములు తెలుపవలెను అని ఆ పైన. గుండ్రని పెద్ద అక్షరాలతో ఇంతవరకు వ్రాసేటప్పటికే కార్డు ముప్పాతిక నిండిపోయేది. ఒకనాడు, ఆ మిగిలిన చోట, మన ఆవు ఈనినది అని వ్రాసి, చేవ్రాలు పెట్టి, అమ్మకు చదివి వినిపించాను.

"అంతేనా?" అన్నది అమ్మ. "ఆవు ఈనిందని వ్రాస్తే సరిపోయిందా? దూడ ఎట్లా ఉన్నదో వ్రాయవేమిరా? నుదుట రూపాయంత తెల్లమచ్చ ఉన్నదని వ్రాయి. లేచి నిలబడబోయి మూడుసార్లు పడిందని వ్రాయి. అది పెయ్యగా ఉన్నప్పుడు మీ అక్క చేతిగడ్డి తిన్న ఆవు కాదూ? మీ అక్కకు మాత్రం చూడాలని ఉండదూ?"

నేను లేచి కొట్టంలోకి వెళ్ళాను. రెండు రోజులనుండి ఆ దూడ చుట్టూనే తిరుగుతున్నవాణ్ణి నేను. అయినా దాని నుదుటి మచ్చ ఎంత ఉన్నదో, ఏ ఆకారంలో ఉన్నదో నాకు తెలియదు. ఆనాడు మొదటిసారి చూచాను. మచ్చ గుండ్రంగా లేదు. ముగ్గు పెట్టే చేయి జారినట్లు ఒక ప్రక్కకు చెరిగి ఉన్నది. ఆ సంగతి వ్రాద్దామంటే కార్డుమీద చోటు లేదు. అందుచేత అంచున, నిలువుగా, చీమలబారువంటి చిన్న అక్షరాలతో ఇరికించి వ్రాశాను.

శ్రోతలారా, ఆనాడు నాకు కలిగిన లాభం ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తున్నది. చూచినదానిని వ్రాస్తామని అందరూ అనుకొంటారు. నిజానికి, వ్రాయవలసి ఉన్నది గనుక చూస్తాము. కలం పట్టినవానికి లోకం కొంచెం దగ్గరగా జరుగుతుంది. నిత్యం నడిచే వీధిలోనే అంతవరకు కనబడని గుమ్మం ఒకటి కనబడుతుంది. వాన కురిసింది అని వ్రాయబోయినవాడు ఆగి, అది తుంపరా, జల్లా, ముసురా, జడివానా అని తనను తాను ప్రశ్నించుకొంటాడు. ప్రశ్నించుకొని కిటికీ దగ్గరకు నడుస్తాడు. నడిచి, చూరునుండి ధార కట్టి కారుతున్నదా, బొట్టుబొట్టుగా రాలుతున్నదా అని చూస్తాడు. ఆ చూపే ఫలం. ఆ కాగితాన్ని ఎవరూ అచ్చువేయకపోయినా ఆ వానను అతడు చూచాడు. దానిని అతనినుండి తీసికొనగలవారు ఎవరూ లేరు.

చూపు అనే మాట అన్నప్పుడు నాకు చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారు జ్ఞాపకం వస్తారు. బాల్యంనుండి రేచీకటి ఆయనను పీడించింది. తరువాత తరువాత చూపు పూర్తిగా పోయింది. ఆ దశలోనే ఆయన తన స్వీయచరిత్రను తాను చెపుతూ ఉండగా మరొకరిచేత వ్రాయించారు. అది 1944లో వెలువడింది. బాహ్యనేత్రాలకు లోకమంతా చీకటి అయిపోయిన వృద్ధుడు, తన చిన్ననాటి గోదావరి సీమను, బడులను, బంధువులను, మిత్రులను, సభలను మాటలలో పెట్టడానికై మళ్ళీ ఒక్కొక్కటిగా మనసులో నిలుపుకొని చూచుకొన్నారంటే, ఆ వ్రాయించిన ప్రతి పూటా ఆయనకు ఎంతటి వెలుగు కలిగి ఉండవలెనో ఊహించండి. వ్రాత చూపునిస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇది మొదటి ఫలం. చూపు.

ఇక రెండవది, తోడు.

వ్రాసేవాడు ఒంటరివాడని అంటారు. గదిలో ఒంటరివాడే కావచ్చు. వాక్యంలో ఒంటరిగా ఉండనక్కరలేదు. ఈ విషయానికి మన తెలుగు దేశంలోనే పుట్టిన దృష్టాంతం ఒకటి ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంలో సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసిన పెద్దమనిషి. 1830వ సంవత్సరం మే నెల 18వ తేదీన ఆయన పరివారంతో కాశీయాత్రకు బయలుదేరారు. మన దేశంలో అప్పటికి రైళ్ళు లేవు. కడప సీమ మీదుగా, అహోబిలం, శ్రీశైలం సేవించి, హైదరాబాదు, నాగపూరు దాటి, ప్రయాగ, కాశి, గయ చూచుకొని, కలకత్తా, జగన్నాథం మీదుగా, సముద్రతీరపు సీమలవెంట తిరిగి వచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరారు. పదిహేను నెలలకు మించిన ప్రయాణం. ఎండలో, వానలో, అడవిలో, ఇసుకలో.

అంత ప్రయాణంలోనూ ఆయన వ్రాత మానలేదు. ఏ ఊళ్ళో అంగళ్ళు ఉన్నవి, ఏ మజిలీలో నీళ్ళు బాగుంటవి, ఏ త్రోవ రాళ్ళమయం, ఏ ఏరు ఎట్లా దాటాలి, ఏ దేశంలో జనుల ఆచారాలు ఎట్టివి అని వ్రాసి, చెన్నపట్టణంలో ఉన్న తన స్నేహితులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేస్తూ వచ్చారు. ఆ వ్రాతలే కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకం. దానిని 1838లో ఆ స్నేహితుడే అచ్చువేయించాడు. అప్పటికి వీరాస్వామయ్యగారు లేరు. 1836లోనే ఆయన కాలధర్మం చెందారు. తన పుస్తకాన్ని ఆయన అచ్చులో చూచుకోలేదు.

మరి ఆయనకు దక్కినది ఏమిటి? మా యింటికి వచ్చిన ఆ కుర్రవాని లెక్క ప్రకారం ఏమీ దక్కలేదనవలెను. నా లెక్క వేరు. దారి పొడుగునా ఆయన ప్రక్కన ఒక మిత్రుడు నడిచాడు. శరీరం చెన్నపట్టణంలోనే ఉన్నా, ఆ మిత్రుని కుతూహలం ఆయన పల్లకీవెంట కాశిదాకా వెళ్ళింది. ఈ చెరువును గురించి అతడు ఏమి అడుగుతాడు? ఈ కొండ ఎక్కడం ఎట్లా ఉంటుందని చెప్పాలి? ఈ ప్రశ్నలు వెంట ఉన్నవానికి మజిలీ మజిలీకీ చెప్పవలసిన సంగతి ఒకటి ఉండనే ఉంటుంది. నూరేళ్ళు దాటిన తరువాత నేడు మనం ఆ పుస్తకాన్ని చదివి, ఆనాటి త్రోవలనూ ఊళ్ళనూ కళ్ళకు కట్టినట్లు చూస్తున్నాము. అది మన లాభం. ఆయన లాభం ఆయనకు త్రోవలోనే ముట్టింది.

కనుక నేను చెప్పేది ఇది. లోకానికి వ్రాయబోకండి. ఒకరికి వ్రాయండి. ఒక్కరికి. ఆ ఒక్కరి ముఖం మీకు కనబడుతూ ఉండాలి. కొత్తకాపురం పెట్టిన కూతురికి తల్లి గోంగూర పచ్చడి చేసే విధానం వ్రాస్తున్నదనుకొనండి. ఊరందరికీ వ్రాస్తే ఉప్పు తగినంత అని వ్రాసి ఊరుకొంటుంది. కూతురి ముఖం తలపుకు వస్తే అట్లా వ్రాయలేదు. ఆకు వేగి ముద్ద అయ్యేదాకా కలుపుతూ ఉండు, నీకు తొందర ఎక్కువ, నూనె పైకి తేలేదాకా పొయ్యి దగ్గరనుంచి కదలవద్దు అని వ్రాస్తుంది. ఆ వాక్యంలో పచ్చడి ఉన్నది, కూతురు ఉన్నది, తల్లి ఉన్నది. అది వ్రాస్తున్నంతసేపూ ఆ తల్లి తన బిడ్డ వంటింట్లోనే నిలబడి ఉన్నది. వ్రాసినందుకు ఆమెకు ముట్టిన ప్రతిఫలం అది.

దగ్గర ఎవరూ లేరంటారా? దూరమైపోయిన మిత్రుడున్నాడు. గతించిన తాతగారున్నారు. ఇంకా చదవడం రాని మనుమరాలున్నది. పదేళ్ళ తరువాతి మీరున్నారు. వారిలో ఎవరికైనా వ్రాయవచ్చును. మనసులో తోడు ఉంటే చాలును. ఉత్తరం తపాలాలో పడనక్కరలేదు.

ఇంతవరకు రెండు ఫలాలు చెప్పాను. చూపు ఒకటి, తోడు ఒకటి. ఇప్పుడు మూడవది, దిద్దుబాటు.

వ్రాసినదానిని మళ్ళీ వ్రాయడమంటే మనలో చాలామందికి శిక్షవలె తోస్తుంది. నాకు కూడ చాలాకాలం అట్లాగే తోచింది. అయితే మన భాష ఈ పనికి పెట్టిన పేరును ఒకసారి తలచుకొనండి. దిద్దడం. తప్పును సవరించడం దిద్దడమే. పలకమీద అయ్యవారు వ్రాసి యిచ్చిన ఓనమాల మీద పసివాడు మళ్ళీ మళ్ళీ బలపం నడపడం కూడ దిద్దడమే. తల్లి బిడ్డ నుదుట బొట్టు పెట్టి, కంటికి కాటుక తీర్చితే అదీ దిద్దడమే. సవరించడానికీ, నేర్చుకోవడానికీ, అలంకరించడానికీ మన పెద్దలు ఒకే మాట వాడారు. తన వాక్యాన్ని దిద్దుకొనేవాడు ఈ మూడు పనులూ ఒక్కసారే చేస్తున్నాడు. అందులో శిక్ష ఎక్కడ ఉన్నది?

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం మీరందరూ ఎరిగినదే. 1892లో అది విజయనగరంలో ప్రదర్శితమై ప్రజల మెప్పు పొందింది. 1897లో అచ్చయింది. అప్పటికే పేరు వచ్చింది. మరొకరైతే దానితో తృప్తిపడి ఉండేవారు. అప్పారావుగారు ఆ నాటకాన్ని మళ్ళీ చేతికెత్తుకొని, పెంచి, మార్చి, చాలవరకు కొత్తగా వ్రాసి, 1909లో రెండవ కూర్పుగా వెలువరించారు. మనం నేడు చదివే కన్యాశుల్కం, మనం మాటల్లో తలచుకొనే మధురవాణి, ఈ రెండవ కూర్పువల్ల మనకు దక్కినవి. మొదటి అచ్చుకూ రెండవ అచ్చుకూ నడుమ 12 ఏళ్ళు. పేరుకోసమే అయితే ఇంత శ్రమ అక్కరలేదు. పేరు వచ్చే ఉన్నది. తన పాత్రలతో మళ్ళీ కొంతకాలం కలిసి ఉండాలనీ, వారిచేత ఇంకా సరిగా మాట్లాడించాలనీ కోరిక లేనివాడు అట్టి పనికి పూనుకొనడు. ఆ మరుసటి సంవత్సరం, 1910లో, ఆయన వ్రాసిన ప్రసిద్ధమైన చిన్నకథ పేరు కూడ దిద్దుబాటే కావడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

అది మహానుభావుని సంగతి. మనవంటివారి సంగతి కూడ ఒకటి చెపుతాను. సాలెల వీధిలో పుట్టి పెరిగిన నా మిత్రుడొకడు, గతించిన తన తండ్రిని గురించి ఒక వ్యాసం వ్రాసి తెచ్చాడు. మొదటి వాక్యంలోనే, తంతువాయ వృత్తియందు అహర్నిశలు పరిశ్రమించిన పుణ్యమూర్తి యగు మా జనకుడు, అని ఉన్నది. తప్పు లేని వాక్యం. అతనికే తృప్తి లేదు. ఎందుకో తెలియడం లేదు. "మీ నాయనగారు మగ్గం గుంటలో కూర్చున్నప్పుడు నీవు ఎక్కడ ఉండేవాడివి?" అని అడిగాను. అతడు చెప్పడం మొదలుపెట్టాడు. పడుగును గురించి చెప్పాడు, పేకను గురించి చెప్పాడు, తెగిన పోగును తడిచేత్తో ముడివేసే విధం చెప్పాడు. ఉన్నట్టుండి ఆగి, "నాడె ఆడించీ ఆడించీ మా నాయన కుడిభుజం ఎడమదానికంటె కొంచెం పైకి లేచి ఉండేదండీ" అన్నాడు. అని, తన మాట తానే విన్నట్లు నిశ్శబ్దంగా కూర్చున్నాడు. ఆ రాత్రి వ్యాసం తిరిగి వ్రాశాడు. ఆ భుజంతో మొదలుపెట్టి వ్రాశాడు. మరునాడు వచ్చి నాతో, "నిన్న మా నాయన ఇంటికి వచ్చాడు" అన్నాడు. ఆ వ్యాసం ఎక్కడైనా అచ్చయినదో లేదో నేను అడగలేదు, అతడు చెప్పలేదు.

సంస్కృత పదం చెడ్డదనీ, సాలెవాని మాట మంచిదనీ నేను చెప్పడం లేదు. ఉండవలసిన చోట రెండూ మంచివే. పెద్దమాట కోసం వెతకవద్దు, సరైన మాటకోసం వెతకండి. అది దొరికిన క్షణంలో, తలుపు చెక్క సరిగా కూర్చుని గొళ్ళెం పడినప్పటి చప్పుడువంటిది ఒకటి మనసులో వినబడుతుంది. ఆ చప్పుడుకోసం ఎన్నిసార్లు దిద్దినా అలసట ఉండదు.

ఎట్లా దిద్దాలని అడుగుతారేమో. నాకు తెలిసిన ఉపాయాలు రెండే. వ్రాసినదానిని కొన్నాళ్ళు పెట్టెలో పెట్టి మరచిపోండి. తిరిగి తీసినప్పుడు అది మరొకరి వ్రాతవలె కనబడుతుంది, గుణమూ దోషమూ రెండూ తెలుస్తాయి. రెండవ ఉపాయం, పైకి చదవండి. గొంతెత్తి చదవండి. ఈ ప్రసంగాన్నే తీసికొనండి. దీనిని మూడుసార్లు వ్రాశాను. గడియారం ఎదుట పెట్టుకొని, తలుపులు మూసికొని, పైకి చదివి చూచుకొన్నాను. కంటికి నునుపుగా కనబడిన వాక్యం నోటికి గరుకుగా తగిలింది. ఊపిరి చాలని చోట విరిచాను. మనసు నిలవని చోట కొట్టివేశాను. ఆ మూడు సాయంకాలాలూ నేను మీతోనే గడిపాను. మీరు నాకు ఇచ్చిన సంభావన అందులో ముందే ముట్టింది.

మళ్ళీ చెపుతాను, ఏలయన రేడియోలో వెనుకకు పుట తిప్పి చూచుకొనే వీలు లేదు. చూపు. తోడు. దిద్దుబాటు.

ఈ మూడూ దక్కడానికి ఒక్క నియమం అవసరం. కొంచెమే అయినా రోజూ వ్రాయడం. చాలారోజులు తోడకుండా విడిచిన బావిలో మొదటి చేద నీళ్ళు పాచివాసన వేస్తాయి. అది చూచి చేద అక్కడే పడవేసి వచ్చేవారున్నారు. నాలుగు చేదలు తోడి పారబోయండి. అడుగున తేటనీరు ఊరుతూనే ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యులవారు దినానికి ఒక్క సంకీర్తనకు తక్కువ కాకుండా స్వామికి సమర్పించాలనే నియమం పెట్టుకొన్నారని ఆయన మనుమడు చిన్నన్న చెప్పాడు. ఆ సంకీర్తనలు వేలకొలదిగా రాగిరేకుల మీద నిలిచి, తిరుమల కొండమీద శతాబ్దాలపాటు మూతపడి ఉండి, ఇరవయ్యవ శతాబ్దంలో మళ్ళీ వెలుగు చూచినవి. అవి రేపు ఏమవుతాయన్నది ఆయన చింత కాదు. ఈనాటి పూజ ఈనాడు జరగాలి. మన వ్రాతకు ఆ మహిమ లేకపోవచ్చును. ఆ నియమం ఉండడానికి అభ్యంతరం లేదు. దినానికి పది వాక్యాలు చాలును. పది కాకపోతే మూడు చాలును. ఆ మూడింటిలో ఒక్కటైనా ఆనాడు మీరు కళ్ళారా చూచినదై ఉండాలి.

ఇక ముగించే ముందు, ఆ కార్డు సంగతి చెప్పాలి.

మా అమ్మ పోయిన కొన్నేళ్ళకు నేను అక్క ఇంటికి వెళ్ళాను. వారి వసారా గోడకు, పాత ఇళ్ళలో ఉండేటట్టే, ఉత్తరాలు గుచ్చే ఇనుపతీగ ఒకటి వేలాడుతూ ఉన్నది. అడుగున ఉన్న కార్డులు పసుపుపచ్చగా తిరిగి, అంచులు పెళుసుబారి ఉన్నవి. అక్క వాటిని ఒక్కొక్కటిగా తీసి చూపించింది. అందులో నా పదేళ్ళనాటి కార్డు కూడ ఉన్నది. తీగ గుచ్చిన చిల్లు సరిగా ఉభయకుశలోపరి అన్న మాట మీదుగా పోయింది. అక్షరాలు సగం లేవు. అక్కకు ఆ లోటు తెలియనే తెలియదు. ఆ మాటను ఆమె ఎన్నడూ చదువుకోలేదు. కార్డును అడ్డంగా త్రిప్పి, అంచున నిలువుగా ఉన్న వరుసను వ్రేలితో చూపించి, "ఎన్నిసార్లు చదువుకొన్నానో! ఇది చదివినప్పుడల్లా మన కొట్టంలోకి వెళ్ళి వచ్చేదాన్ని" అన్నది.

నేను ఆ వరుస చదివాను. దూడ మూడుసార్లు పడి లేచింది. దాని నుదుట మచ్చ ముగ్గు జారినట్లు ఒక ప్రక్కకు చెరిగి ఉన్నది. గుమ్మంలో మా అమ్మ కూర్చుని, అంతేనా, అంటున్నది.

శ్రోతలారా, నా జీవితంలో నేను వ్రాసిన కాగితాలు చాలా ఉన్నవి. కొన్ని అచ్చయినవి, కొన్నింటికి పారితోషికం కూడ వచ్చింది. ఆ ఒక్క వరుస ఇచ్చినంత ప్రతిఫలం మరి ఏదీ ఇవ్వలేదు. అది రెండుసార్లు ఇచ్చింది. పదేళ్ళ పిల్లవాడు కొట్టంలోకి నడిచినప్పుడు ఒకసారి, తల్లి లేని కొడుకు వసారాలో నిలబడినప్పుడు ఒకసారి.

ఆ కుర్రవాడు ఈ సాయంకాలం ఎక్కడైనా ఉండి ఈ మాటలు వింటున్నట్లయితే, అతనికి చెప్పవలసినది ఇదే. నాయనా, తిరిగి వచ్చిన కథలను దాచి ఉంచు. తిరిగి రావలసినవి వాటిలో ఇంకా ఉండవచ్చును. ఒకటి విప్పి, ఉభయకుశలోపరి అనదగిన భాగం ఎంత ఉన్నదో, తెల్లమచ్చ ఎక్కడ ఉన్నదో చూచుకో. మచ్చ అంచున ఇరుకున పడి ఉంటే, ఈసారి దానిని కార్డు నడుమ వ్రాయి.

మీ అందరికీ కూడ ఇదే నా విన్నపం. ఈ రాత్రి దీపం తగ్గించే ముందు ఒక కాగితం తీసికొనండి. మీకు కావలసినవారు ఎవరో ఒకరిని మనసులో తలచుకొనండి. ఈనాడు మీరు చూచినది ఒక్కటి, ఒక్కటే, వారికి వ్రాయండి. వ్రాసి, పైకి చదువుకొనండి. అంతేనా అని ఎవరో అడిగినట్లు మీకు వినబడితే, లేచి వెళ్ళి, మళ్ళీ ఒకసారి చూచి రండి.